టీఎల్‌ఆర్-1 హెచ్‌ఎల్: పిస్టల్ కింద బిగించే లైటు, దాని మంచీ చెడూ

అమెరికాలో ఇంటి రక్షణకని పిస్టల్ కొన్నవాళ్లు ఆ తర్వాత ముందుగా కొనేది దాని కింద బిగించే లైటు. అంగడిలో అడిగితే మూడు పేర్లు వినిపిస్తాయి: స్ట్రీమ్‌లైట్ టీఎల్‌ఆర్-1 హెచ్‌ఎల్, షూర్‌ఫైర్ ఎక్స్300యూ, చిన్నదైతే స్ట్రీమ్‌లైట్‌దే టీఎల్‌ఆర్-7ఏ. ఈ సమీక్ష ముఖ్యంగా మొదటిదాని గురించి. మిగతా రెండూ పోలికకు వస్తాయి.

ముందు ఒక హెచ్చరిక. హెచ్-1బీ, ఎఫ్-1, హెచ్-4 వంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నా, వకీలుని అడగకుండా వాటిని నమ్ముకోవద్దు. భర్తకు గ్రీన్ కార్డు వచ్చి భార్య ఇంకా హెచ్-4లో ఉంటే, ఆమె చేతికందే చోట తుపాకీ పెట్టడం కూడా చిక్కే. తాళం, తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నాయన్నది అక్కడ ముఖ్యమవుతుంది. లైటు ఒక్కటే కొనడానికి ఏ అడ్డూ లేదు. కానీ తుపాకీ లేకుండా అది ఖరీదైన, పట్టుకోవడానికి వీల్లేని టార్చి.

ఇక వస్తువు దగ్గరికి. టీఎల్‌ఆర్-1 హెచ్‌ఎల్ అల్యూమినియం ఒంటిది. బరువు 4.32 ఔన్సులు, అంటే దాదాపు 122 గ్రాములు. రెండు సీఆర్123ఏ లిథియం సెల్స్‌తో నడుస్తుంది. వెలుగు 1000 లుమెన్లు, తీవ్రత 20,000 కాండెలా, నడిచే సమయం గంటన్నర. మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని రేటింగు. షూర్‌ఫైర్ ఎక్స్300యూకి కూడా 1000 లుమెన్లే, కాండెలా మాత్రం 11,300. బరువు నాలుగు ఔన్సులు, ధర దాదాపు రెట్టింపు. టీఎల్‌ఆర్-7ఏ ఒక్క సెల్‌తో 500 లుమెన్లు, 5,000 కాండెలా ఇస్తుంది. బరువు 2.4 ఔన్సులే.

పెట్టె మీద పెద్దక్షరాల్లో లుమెన్లు ఉంటాయి కాబట్టి అందరూ వాటినే చూస్తారు. లుమెన్లంటే లైటు నుంచి బయటికొచ్చే మొత్తం వెలుగు. కాండెలా అంటే ఆ వెలుగు నడిమధ్యలో ఎంత గట్టిగా పోగుపడిందో చెప్పే కొలత. ఎంత దూరంలో మనిషి ముఖం, చేతులు కనిపిస్తాయన్నది కాండెలా మీదే ఆధారపడుతుంది. లెక్క తేలిక: కాండెలాని మీటర్లలో దూరం వర్గంతో భాగిస్తే అక్కడ పడే లక్స్ వస్తుంది. 20,000 కాండెలా పది మీటర్ల దగ్గర 200 లక్స్, ముప్పై మీటర్ల దగ్గర 22. టీఎల్‌ఆర్-7ఏ అదే ముప్పై మీటర్ల దగ్గర ఐదున్నరే. పెట్టె మీద వేసే ‘బీమ్ దూరం’ అంటే పావు లక్స్ మిగిలే దూరం, నిండు పున్నమి వెన్నెలంత. హెచ్‌ఎల్‌కి అది 283 మీటర్లు. అంత దూరాన ఏదో ఉందని తెలుస్తుందే తప్ప చేతిలో ఉన్నది ఫోనో తుపాకో తేలదు. ఆ అంకెను చూసి మురిసిపోవద్దు.

అలాగే ‘గంటన్నర’ కూడా. ఈ పరిశ్రమ కొలత పద్ధతిలో వెలుగు మొదటి దానిలో పదో వంతుకు పడిపోయేదాకా సమయం లెక్కిస్తారు. గంటన్నరా 1000 లుమెన్లు వెలుగుతుందని అర్థం కాదు. ఇంట్లో వాడకానికి ఇది లోటు కాదు. సాధన చేసేవాళ్లకు మాత్రం లోటే, ఎందుకంటే ఐదైదు నిమిషాల సాధన పది పన్నెండు సార్లయ్యేసరికి సెల్స్ సగానికి పైగా వాడేసినట్టే. సాధనకు ఒక జత, తుపాకీలో ఉంచడానికి వేరే కొత్త జత పెట్టుకోవడం ఈ ఖర్చుకు ఉన్న ఏకైక మందు.

ఇంటి లోపలి దూరాలు ఐదు నుంచి పదిహేను మీటర్లు. అక్కడికి 7ఏ కూడా చాలు, నిజానికి చాలు కంటే ఎక్కువే. మరి హెచ్‌ఎల్ ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, పెరటి కంచె దాకా, వాకిట్లో కారు దాకా చూడాల్సి వస్తే ఆ కాండెలా పనికొస్తుంది. రెండోది, ఎదుటివైపు నుంచి కూడా వెలుగు వస్తుంటే, అంటే వీధిదీపమో కారు హెడ్‌లైటో మీ కళ్లలో పడుతుంటే, దాన్ని దాటి అవతల ఏముందో చూపించేది తీవ్రతే. బలహీనమైన లైటు అక్కడ గోడకు కొట్టినట్టు ఆగిపోతుంది. ఇంటి తుపాకీ పూర్తి సైజుదైతే హెచ్‌ఎల్, నడుముకు దాచి తిరిగేదైతే 7ఏ. ఇందులో పెద్దగా వాదించడానికేం లేదు.

షూర్‌ఫైర్‌కి రెట్టింపు ధర పెట్టాలా? దాని ఒళ్లు, స్విచ్ బిగువు బాగుంటాయి, పోలీసు హోల్‌స్టర్లలో (తుపాకీ ఒరల్లో) చాలా రకాలు దాని కొలతకే చేస్తారు. ఏటా వేల తూటాలు కాల్చేవాళ్లకు, డ్యూటీలో వాడేవాళ్లకు ఆ డబ్బు తగినదే. బీరువా లాకర్లో ఉండి నెలకోసారి రేంజికి, అంటే కాల్చి సాధన చేసే చోటికి, వెళ్లే తుపాకీకి మాత్రం తగదు. మిగిలిన సొమ్ముతో సెల్స్, మంచి చేతి టార్చి, ఒక పూట శిక్షణ కొనుక్కోవచ్చు, వాటి ప్రయోజనం ఎక్కువ.

బిగించడం. మొదటి పని లైటును పెట్టెలోంచి తియ్యడం కాదు, తుపాకీ ఖాళీ చెయ్యడం. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, స్లైడ్ (పైన జారే భాగం) వెనక్కి లాగి నిలిపి, ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే గూటిలోకి) కళ్లతో చూసి, వేలితో తడిమి, తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. లైటు బిగించేటప్పుడు చెయ్యి బ్యారెల్ మూతికి అంగుళాల దూరంలో ఉంటుంది కాబట్టి ఈ వరస ఒక్కసారి కూడా తప్పకూడదు. హెచ్‌ఎల్ పక్కనుంచి రెయిల్ (బ్యారెల్ కింద ఫ్రేముకున్న గాడుల పట్టా) మీద పడి మరతో బిగుసుకుంటుంది, మూతి ముందు నుంచి జార్చాల్సిన పని లేదు. చిన్నదే అయినా ఇది మంచి ఆలోచన.

పెట్టెలో చిన్న ప్లాస్టిక్ కీలు కొన్ని వస్తాయి. రెయిల్‌లోని అడ్డ గాడిలో కూర్చుని లైటు ముందుకూ వెనక్కీ జరగకుండా పట్టేది ఆ కీయే. గ్లాక్ కంపెనీ పిస్టల్స్‌కి ఒకటి, పికటిన్నీ 1913 అనే ప్రామాణిక కొలత రెయిల్‌కి మరొకటి, ఇంకొన్ని పిస్టల్స్‌కి వేరేవి. తప్పు కీ పెడితే రెండు రకాల తంటా. కీ గాడికంటే వెడల్పైతే లైటు రెయిల్ మీద పైకి లేచి కూర్చుంటుంది, మర బిగిసినట్టనిపించి పది తూటాలకే వదులవుతుంది. సన్నగా ఉంటే కాల్చిన ప్రతిసారీ లైటు ముందుకూ వెనక్కీ కొట్టుకుని గాడి అంచులను తినేస్తుంది. సరైన కీ పెట్టాక, మర బిగించకముందే చేత్తో ముందుకు వెనక్కు కదిపి చూస్తే దాదాపు కదలిక ఉండకూడదు. మరను వేళ్లతో బిగించి, ఆ పైన నాణెంతో కొద్దిగా తిప్పితే చాలు. ప్లాస్టిక్ ఫ్రేమున్న పిస్టల్‌కి బలంగా బిగిస్తే రెయిల్ నొక్కుకుపోతుంది. మర తల మీదుగా లైటు ఒంటి మీదికి పెయింట్ పెన్నుతో ఒక గీత గీసి ఉంచండి, మర వదులైతే గీత విడిపోయి చూడగానే తెలుస్తుంది.

గ్లాక్ 17 మీద ఇది మూతితో దాదాపు సమంగా ఆగుతుంది, గ్లాక్ 19 మీద కొద్దిగా ముందుకొస్తుంది. గ్లాక్ 26, 43 లాంటి వాటికి అసలు రెయిలే లేదు, లైటు కొనే ముందు ఇది చూసుకోవాలి.

బిగించాక రేంజిలో కనీసం వంద తూటాలు కాల్చి చూడండి. లైటు తగిలించగానే కొన్ని తుపాకులు తిండి వదిలేస్తాయి, అంటే తూటా సరిగ్గా లోపలికి ఎక్కదు. మూడో తరం గ్లాక్ 22, అంటే .40 క్యాలిబర్ది, దీనికి పేరుపడ్డ ఉదాహరణ. లైటు బరువుతో ఫ్రేము ఒంగే తీరు మారి, మ్యాగజైన్ స్ప్రింగు తూటాను వేళకు పైకి నెట్టలేకపోయేది. పదకొండు చుట్ల బలమైన స్ప్రింగుతో అది కుదుటపడింది. 9 ఎంఎం తుపాకుల్లో ఈ బెడద తక్కువ, కానీ లైటు లేకుండా నమ్మకంగా కాల్చిన తుపాకీ లైటుతో కూడా అంతే నమ్మకమని ఊరికే అనుకోకూడదు. కాల్చేది కూడా ఇంట్లో ఉంచే తూటాలతోనే, చవక రకంతో కాదు.

ఇప్పుడు స్విచ్. ఈ వస్తువులో అతి ముఖ్యమైన భాగం, సమీక్షల్లో అతి తక్కువగా మాట్లాడే భాగం ఇదే. హెచ్‌ఎల్ స్విచ్ ట్రిగ్గర్ గార్డుకు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వలయానికి) సరిగ్గా ముందు, రెండు వైపులా రెక్కల్లా ఉంటుంది. ఒక దిక్కుకు తిప్పితే వెలిగి నిలుస్తుంది, రెండో దిక్కుకు నొక్కి ఉంచినంతసేపే వెలుగుతుంది. కుడిచేతివాళ్లు దీన్ని ఎడమచేతి బొటనవేలితోనే నొక్కాలి. ట్రిగ్గర్ వేలితో ఎప్పుడూ కాదు, ‘ఈ ఒక్కసారికి’ అన్న మాట కూడా వద్దు. ఒకే వేలికి వెలుగు, కాల్పు అనే రెండు పనులు అప్పగిస్తే కంగారులో చెయ్యి దేన్ని ఎంచుకుంటుందో చెప్పలేం. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లోని ప్లేనోలోనే 2010లో, లైటు స్విచ్ నొక్కబోయి కాల్చేశానని ఒక పోలీసు అధికారి చెప్పిన ఘటనలో ఒకతను చనిపోయాడు. అక్కడ స్విచ్ పిడి మీద, ట్రిగ్గర్ కింద ఉండే రకం. పిడిని గట్టిగా పట్టుకుంటే వెలిగే ఆ పద్ధతి వినడానికి సులువు, కంగారులో బిగిసే చేతికి మాత్రం అపాయం. అలాంటి స్విచ్ జోడింపులు ఎంత చవగ్గా దొరికినా ఇంటి తుపాకీకి వద్దు.

హెచ్‌ఎల్ రెక్కలు చిన్న చేతులవాళ్లకు కొంచెం దూరం. బొటనవేలు అందక పట్టు మార్చుకోవాల్సి వస్తే, ఆ తుపాకీకి ఈ లైటు సరిపడదు. టీఎల్‌ఆర్-7ఏతో రెండు రకాల స్విచ్ రెక్కలు వస్తాయి, ఎత్తువీ తక్కువవీ. మార్చుకుని చూడొచ్చు. ఈ విషయంలో అదే నయం. మరో చేతిలో ఫోనో, చంటిబిడ్డో ఉంటే ఒంటి చేత్తో స్విచ్ నొక్కాలని ప్రయత్నించవద్దు. రెండు చేతులూ ఖాళీగా ఉన్నప్పుడే నిలిచి వెలిగేలా పెట్టేసుకోవాలి.

స్ట్రోబ్ అనే మిణుకు కూడా ఉంది, నొక్కే దిక్కులో గబగబా రెండుసార్లు కొడితే వస్తుంది. ఎదుటివాణ్ణి తికమకపెడుతుందంటారు. ఇంట్లో అది ముందు తికమకపెట్టేది పట్టుకున్నవాళ్లనే, కదలికలు ముక్కలు ముక్కలుగా కనిపించి చేతిలో ఏముందో తేలదు. మాన్యువల్‌లో దాన్ని ఆపేసే పద్ధతి ఉంది, కొన్న రోజే ఆపేయండి.

వాడే తీరులో అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇది: తుపాకీ లైటుతో వెతకడం. తుపాకీకి బిగించిన లైటు ఎటు తిరిగితే తుపాకీ మూతి అటే తిరుగుతుంది. నాశనం చెయ్యడానికి సిద్ధపడని దేనివైపూ మూతి తిప్పకూడదన్నది తుపాకీ భద్రతలో మూలసూత్రం. అర్ధరాత్రి వంటింట్లో చప్పుడైతే అది నీళ్ల కోసం లేచిన కొడుకో, జెట్‌ల్యాగ్‌తో నిద్రపట్టని అత్తగారో కావడానికే ఎక్కువ అవకాశం. ఇండియా నుంచి పెద్దవాళ్లు ఆర్నెల్లకు వచ్చి ఉండే ఇళ్లలో ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. వెతకడానికి, పిల్లల గది చూడటానికి, ఫ్యూజు పెట్టె దగ్గరికి వెళ్లడానికి చేతి టార్చి కావాలి. తుపాకీ లైటు కొనాలనుకునేవాళ్ల దగ్గర చేతి టార్చి లేకపోతే ముందు కొనాల్సింది అదే.

అనివార్యంగా తుపాకీ లైటు వాడాల్సి వస్తే, మూతిని కిందికి, రెండు మీటర్ల ముందు నేల మీదికి దించండి. 1000 లుమెన్లు తెల్లగోడల గదిలో నేల మీద పడి చెదిరినా గదంతా కనిపించేంత వెలుగు వస్తుంది, ముఖాలు గుర్తుపట్టొచ్చు. హెచ్‌ఎల్‌కి నిజంగా బలం ఉన్న చోటు ఇది. వెలుగు చుట్టూ బాగా పరుచుకుంటుంది, నేరుగా ఎవరివైపూ గురిపెట్టకుండానే చూడొచ్చు. కొందరు సీలింగుకు కొట్టి చెదరగొట్టమంటారు. చేతి టార్చితో అది మంచి కిటుకే. తుపాకీతో, అదీ రెండంతస్తుల ఇంట్లో, ఎంతమాత్రం వద్దు. అమెరికా ఇళ్ల సీలింగులు, లోపలి గోడలు జిప్సం బోర్డువి, పిస్టల్ తూటా వాటిని ఆగకుండా దాటుతుంది. పైన పడకగదులుంటాయి.

అద్దాలు, పెద్ద టీవీ తెర, రాత్రిపూట కిటికీ గాజు, ఈ మూడింటికీ నేరుగా వెలుగు కొడితే అది తిరిగొచ్చి మీ కళ్లలోనే పడుతుంది. ఏ గదిలో అవి ఎక్కడున్నాయో పగలే చూసి పెట్టుకోండి. సాధన చేసేటప్పుడు ఖాళీ తుపాకీ, తూటాలు లేని గది, అవతల ఎవరూ లేని దిక్కు. వెలిగించు, చూడు, ఆర్పు, ఒక అడుగు పక్కకు జరుగు. నిలిచి వెలిగే దిక్కూ నొక్కితే వెలిగే దిక్కూ బొటనవేలికి చీకట్లో తెలియాలి, అంతే.

సెల్స్ మార్చడానికి హెచ్‌ఎల్‌ను తుపాకీ నుంచి విప్పుకోవాలి, స్విచ్ ఉన్న వెనక తలుపే సెల్స్ తలుపు కూడా. కాబట్టి మళ్లీ ఖాళీ చేసే వరసంతా మొదటి నుంచి. 7ఏలో ముందు తల మర విప్పి సెల్ మార్చొచ్చు, లైటు తియ్యక్కర్లేదు. కానీ అక్కడ చెయ్యి మూతికి ఎదురుగా వెళ్తుంది కాబట్టి ఖాళీ చెయ్యడం దానికీ తప్పదు. లోపల ప్లస్, మైనస్ బొమ్మ చూసి పెట్టండి. రెండు సెల్సూ ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి, ఒకేసారి మార్చినవి కావాలి. ఒకటి కొత్తది, ఒకటి వాడింది కలిపితే బలహీనమైనది పూర్తిగా దిగజారి వేడెక్కుతుంది, లిథియం సెల్ వేడెక్కితే పొగతో, మంటతో పగలొచ్చు. రీఛార్జి చేసే 3.7 వోల్టుల సెల్స్ సైజు సరిపోయినా ఇందులో వాడకూడదు. అవి నిండుగా ఛార్జయినప్పుడు ఒక్కొక్కటి 4.2 వోల్టులిస్తాయి, 3 వోల్టుల సెల్స్‌కి చేసిన సర్క్యూటు మీద ఆ భారం పడుతుంది. విడి సెల్స్‌ని నాణేలతో కలిపి జేబులో వేయొద్దు, విమానంలో చెక్-ఇన్ సామానులో అసలే వేయొద్దు, చేతిసంచిలోనే. తుపాకీలో ఉన్న జతని ఏడాదికోసారి, గుర్తుండే ఒక తేదీన, బాగానే వెలుగుతున్నా మార్చేయడం మంచిది. ఉగాది నాడు మార్చుకున్నా సరే.

కాల్చిన ప్రతిసారీ మూతి మంట మసి గాజు మీద పేరుకుంటుంది. కొన్ని వందల తూటాలకు వెలుగు సగం పోయినట్టుంటుంది. రేంజికి వెళ్లే ముందు గాజు మీద పెదాలకు రాసే బామ్ పల్చగా పూయండి, ఇంటికొచ్చాక తడిగుడ్డతో తుడిస్తే మసి దానితోపాటే వచ్చేస్తుంది. ముందే పేరుకుపోయిన దానికి పెన్సిల్ రబ్బరు మెల్లగా రుద్దడం పనిచేస్తుంది, బ్లేడుతో గీకడం గీతలు పడేస్తుంది. తుపాకీ శుభ్రం చేసే సాల్వెంటును తలుపు చుట్టూ ఉన్న రబ్బరు సీలుకి తగలనివ్వకండి. నీటి రేటింగంతా నిలిచేది ఆ సీలు మీదే, అందులో ఒక ఇసుక రేణువు చిక్కినా చాలు నీరు దూరడానికి.

వేడి గురించి ఎవరూ ముందు చెప్పరు. వరసగా ఐదారు నిమిషాలు వెలిగితే తల చెయ్యి పెట్టలేనంత కాగుతుంది. హోల్‌స్టర్‌లోకి తోసేటప్పుడు స్విచ్ తగిలి వెలిగిపోతే లోపలే కాగుతూ సెల్స్ ఖాళీ అవుతాయి. పెట్టగానే మూతి వైపు ఒకసారి కింద వెలుగు పడుతోందా చూసుకోవడం అలవాటు చేసుకోవాలి, తొంగి చూసి కాదు, నేల మీద వెలుగు చూసి.

హోల్‌స్టర్ మరో ఖర్చు. పాత హోల్‌స్టర్‌లో లైటున్న తుపాకీ పట్టదు. సరిగ్గా మీ తుపాకీ, సరిగ్గా ఈ లైటు, రెండింటి జోడీకి చేసినదే కొనాలి, ఎందుకంటే ఈ రకం హోల్‌స్టర్ చాలావరకు తుపాకీని కాదు, లైటును పట్టుకుంటుంది. హెచ్‌ఎల్ వెడల్పు కాబట్టి దాని హోల్‌స్టర్ల నోరు కూడా వెడల్పు, కొన్నింటిలో ట్రిగ్గర్ గార్డు పక్కన వేలు దూరేంత సందు మిగులుతుంది. ఖాళీ తుపాకీ పెట్టి పైనుంచి చిటికెనవేలు దించి చూడండి. ట్రిగ్గర్‌ను తాకగలిగితే ఆ హోల్‌స్టర్ వెనక్కి ఇచ్చేయాల్సిందే. చొక్కా అంచు, తాడు ముడి దూరడానికి అంత సందు చాలు. మంచం పక్కన పెట్టే లాకర్ కొలత కూడా ఇప్పుడే చూసుకోండి. చాలా చిన్న లాకర్ల లోపలి లోతు లైటు లేని పిస్టల్‌కి సరిపోయేలా ఉంటుంది, లైటు బిగించాక మూత పడదు. మూత పడటంలేదని తుపాకీని సొరుగులో పెట్టడం మొదలైతే లైటు వల్ల మేలుకంటే కీడే ఎక్కువ.

లేజరు కావాలనుకుంటే ఇదే ఒంటిలో టీఎల్‌ఆర్-2 హెచ్‌ఎల్ ఉంది. గురిని సరిచూడటం, రెయిల్ మీద నుంచి తీసి పెట్టినప్పుడల్లా మళ్లీ సరిచూడటం అనే పని అదనం. ఇంటి వాడకానికి అవసరం లేదు.

కొనేటప్పుడు స్ట్రీమ్‌లైట్ సొంత డీలర్ల దగ్గర, పేరున్న తుపాకీ అంగళ్లలో కొనండి. నలుపు రంగు హెచ్‌ఎల్ పార్టు నంబరు 69260. ఆన్‌లైన్ సంతల్లో సగం ధరకు అచ్చం ఇలాగే కనిపించేవి ఎయిర్‌సాఫ్ట్ బొమ్మ తుపాకుల కోసం చేసిన నకళ్లు. నిజం తుపాకీ మీద మొదటి మ్యాగజైన్‌కే సెల్ కాంటాక్టు ఎగిరి లైటు మిణుకుతుంది, మర దారాలు అరుగుతాయి. పెట్టె తెరవగానే మూడు చూడండి: రెయిల్ కీలన్నీ ఉన్నాయా, వెనక తలుపు సీలు పగుళ్లు లేకుండా ఉందా, తెల్లగోడ మీద వేస్తే నడిమి వెలుగు గుండ్రంగా, చుట్టూ మచ్చలు లేకుండా పడుతోందా. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా బిగించకముందే మార్పించుకోండి, రెయిల్ గుర్తులు పడ్డాక కొందరు డీలర్లు వెనక్కి తీసుకోరు.